జాన్ వీట్లీ: ఇండ్లు కట్టించిన గనికూలి

గ్లాస్గో నగరమున 1862వ సంవత్సరపు పోలీసు చట్టమును బట్టి పేదల యిండ్ల తలుపులపై చిన్న రేకుబిళ్లలు కొట్టబడెను. ఇంటి లోపలి కొలత యిన్ని ఘనపుటడుగులనియు, అందు ఇందఱు పెద్దవారు మాత్రమే నిద్రింపవచ్చుననియు ఆ బిళ్లలపై వ్రాసియుండెడిది. తలకు 300 ఘనపుటడుగుల గాలి చాలునని మొదట నిర్ణయించిరి; పసిబిడ్డకు అందు సగము. నడిరేయి దాటిన పిమ్మట పరీక్షాధికారులు వచ్చి తలుపు తట్టి, పండుకొన్నవారిని లెక్కించి పోవుచుండిరి. లెక్కకు మించినవారు మంచముల క్రిందను, అలమరలలోను, కొందఱు ఇంటికప్పు మీదను దాగుచుండిరి. ఇల్లు లేనివానికి ఇల్లు చూపుటకు మాఱుగా, ఉన్నవానిని లెక్కబెట్టుటయే పరిపాలనమని యెంచిన కాలమది. ఆ నగరపు తూర్పు శివారున షెటిల్స్టన్ అను పేట కలదు. ఆ పేటలో వర్తకమొనర్చి, అచ్చట కాపురముండి, అచ్చటివారి ఓటులతో కామన్సు సభకు పోయి, ఇంగ్లండు స్కాట్లండు దేశములలో అయిదులక్షల కుటుంబములకు గృహములు సమకూర్చిన శాసనమును చేసిన జాన్ వీట్లీ చరిత్రమును నేడు మా పాఠకులకు విన్నవింపదలచితిమి.

ఆయన 1869 మే 19వ తేదీన ఐర్లండులోని వాటర్ఫర్డు మండలమున, బన్‌మహన్ అను సముద్రతీర గ్రామమున జన్మించెను. తండ్రి కూలివాడు. ఆ ప్రాంతపు రాగిగనులు అప్పటికే క్షీణదశలో నుండెను. 1876లో కుటుంబమెల్ల సముద్రము దాటి స్కాట్లండునందలి లానార్క్షైరు బొగ్గుగనులకు వలసపోయెను. గనియజమాని యిచ్చిన ఇల్లు ఒంటిగది. తలిదండ్రులు, పలువురు బిడ్డలు, అప్పుడప్పుడు బసకు వచ్చు పరాయివారు, అందఱును ఆ గదిలోనే తినుట, ఆ గదిలోనే పరుండుట. గని ఉద్యోగము పోయిననాడు ఆ గదియు పోవును. పని యిచ్చువాడే ఇల్లిచ్చువాడైనచో కూలివాని నోరు రెండువిధముల కట్టువడునని వీట్లీ గ్రంథములు చదివి తెలిసికొనలేదు. బాల్యముననే తండ్రి వెంట గనిలోనికి దిగి, పదేండ్లకు పైగా భూగర్భమున గడపి, తీరిక వేళల చదువుకొనుచు పెరిగెను.

ఐరిషువారి యింటి ముచ్చటలో భూస్వామి మాట, బేదఖలు మాట తప్పక వచ్చును. పంట పండక శిస్తు చెల్లింపలేని రైతును బంట్రోతులు వెడలగొట్టి, గుడిసె కూలద్రోసిన కథలను ఆ దేశపు వలసజనము తమతో గ్లాస్గోకు మోసికొనివచ్చెను. 1915లో గ్లాస్గో శివార్లలో జరిగిన అద్దెపోరాటమునకు మూలము వెదకువారు ఈ జ్ఞాపకమును గూడ గణింపవలెనని మా తలంపు.

గని విడిచిన తరువాత వీట్లీ కొంతకాలము సోదరునితో గూడి షెటిల్స్టన్ నందు దుకాణము నడపెను. అది సాగలేదు. పిదప ఒక కాథలిక్కు వార్తాపత్రికకు ప్రకటనలు సేకరించుపని చేసి, ఆ మెలకువతో సొంతముగా అచ్చుకూటమును స్థాపించి ధనము గడించెను. కూలివారి నాయకుడు ధనికుడగుట వింతగ దోచినవారు అప్పుడును కలరు, తరువాతను కలరు. వీట్లీ దానిని దాచుకొనలేదు. మనిషి చూచుటకు పొట్టి, స్థూలకాయుడు, గుండ్రని కళ్లజోడు. వేదికయెక్కినను గర్జింపడు, లెక్కలు చెప్పును. సహచరుడు మాక్‌స్టను మాటాడినచో సభికులు కంటతడి పెట్టుచుండిరి. వీట్లీ మాటాడినచో తమ అద్దె రసీదులను తీసి చూచుకొనుచుండిరి.

ఆయన నిష్ఠగల కాథలిక్కు. అయినను 1906లో కాథలిక్కు సోషలిస్టు సంఘమును స్థాపించి, మతవిశ్వాసమునకును సామ్యవాదమునకును విరోధము లేదని వాదించెను. మతాచార్యులు మండిపడిరి. 1912లో ఒక గుంపు షెటిల్స్టన్‌లోని ఆయన యింటి యెదుట ఆయన బొమ్మను తగులబెట్టినది. మఱునాడు ఆయన యథాప్రకారము ప్రార్థనకు పోయెను. మతమును విడువుమని సామ్యవాదులలో కొందఱును, సామ్యవాదమును విడువుమని గురువులును వత్తిడి చేయగా రెంటిని విడువక నిలిచిన ఈ మొండితనమే ఆయనను రాజకీయములలో చివరివఱకు కాపాడినది, కొన్నియెడల చెఱచినది కూడ.

ఇక ఇండ్ల సంగతి. గ్లాస్గోలో కూలివాని యిల్లనగా నాలుగంతస్తుల రాతిమేడలో ఒక గది, లేక గదియు వంటగదియు. గోడలో గూడువలె తొలిచిన అరలో పడక. మెట్లమీద నాలుగైదు కుటుంబములకు కలిపి ఒక మరుగుదొడ్డి. వెనుక పెరటిలో బూడిదకుప్ప, వంతులవారీగా బట్టలుతుకుకొను చావడి. 1911 జనాభా లెక్కల నాటికి స్కాట్లండు ప్రజలలో ఇంచుమించు సగముమంది ఒక గది, రెండు గదుల యిండ్లలో నివసించుచుండిరి. ఇంగ్లండులో అట్టివారు నూటికి 7 గురు మాత్రమే. గ్లాస్గోలోని యిండ్లలో దాదాపు మూడింట రెండువంతులు ఈ తరగతివే. గ్లాస్గో బీదపట్టణమైనచో ఈ దైన్యమునకు అర్థముండెడిది. ప్రపంచపు ఓడలలో అనేకములు క్లైడునది యొడ్డున తయారగుచుండెను. ఆ నగరము తన్నుతాను సామ్రాజ్యమున రెండవ నగరమని చెప్పుకొనుచుండెను. ఆ సామ్రాజ్యపు భాగ్యము ఆ నగరపు మెట్లమీది మరుగుదొడ్డి వఱకు ఎక్కలేదన్నమాట.

వీట్లీ 1910లో లానార్క్షైరు మండలసభకు ఎన్నికయ్యెను. 1912లో షెటిల్స్టన్, గోవన్, పార్టిక్ మొదలగు శివారులు గ్లాస్గోలో చేర్పబడగా నగరసభలో ప్రవేశించెను. మఱుసంవత్సరము ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. ఆయన ఊహ యిది. నగరసభ 1894 నుండి ట్రాముబండ్లను తానే నడుపుచు ఏటేట లాభము గడించుచున్నది. ఆ మిగులును వడ్డీ లేకుండ గృహనిర్మాణమునకు వాడినచో, తోటతో గూడిన కుటీరములను ఏడాదికి 8 పౌనుల అద్దెకు ఇయ్యవచ్చును. మేడలలోని ఇరుకుగదులకు కూలివారు చెల్లించుచున్నదానితో కుటీరము రాగలదు.

ఇందలి మర్మము వడ్డీ. పాఠకులు తమంత తాము లెక్క వేసికొనవచ్చును. ఉదాహరణమునకు ఇల్లు కట్టుటకు 400 పౌనులు పట్టినదనుకొందము. నూటికి 5 వంతున అప్పు తెచ్చిన, అసలులో ఒక్క పెన్నీ తీఱకమునుపే ఏడాదికి 20 పౌనులు వడ్డీక్రింద పోవును. అప్పు తీర్చు గడువు పొడిగినకొలది అద్దెలో ఇటుకల వెల తగ్గి, వడ్డీపాలు పెరుగును. ఇల్లుకట్టిన తాపీవాడు తన కూలి పుచ్చుకొని ఏనాడో వెడలిపోయినను, అద్దెకున్నవాడు మాత్రము తరతరములుగా ధనమిచ్చినవానికి చెల్లించుచుండును. ఇంటి దొరను తిట్టుటకంటె ఈ లెక్కను విప్పిచూపుటయే వీట్లీ చేసిన గొప్ప పని. మా పాఠకులలో ఇండ్లు అద్దెలకిచ్చువారు లేకపోలేదు. ఇంటి యజమానిలో సగముమంది తామే అప్పుపడి కట్టినవారని వారు మాకు చెప్పుదురు. వీట్లీ దానిని కాదనలేదు. యజమాని మంచివాడైనను వడ్డీ అద్దెలో చేరకతప్పదనియే ఆయన వాదము. నగరసభ యీ సూచనను త్రోసిపుచ్చెను. ట్రాముల లాభము ట్రాములకే చెందవలెనని పెద్దలు పలికిరి.

1914లో యుద్ధము వచ్చెను. అంతకు కొలది సంవత్సరములకు ముందు గ్లాస్గోలో ఖాళీయిండ్లు కలవు, కట్టుబడి మందగించియుండెను. ఓడల కర్మాగారములకు, ఫిరంగుల కర్మాగారములకు వేలకొలది పనివారు వచ్చిపడగానే గోవన్, పార్టిక్, షెటిల్స్టన్ ప్రాంతములు నిండిపోయెను. షెటిల్స్టన్‌కు దాపుననే పార్క్‌హెడ్ ఉక్కుకొలిమి కలదు. పూర్వము స్కాట్లండులో ఇల్లు ఏడాదికొకమాఱు అద్దెకు కుదుర్చుకొను వాడుక. 1911 నాటి చట్టము చిన్న యిండ్లకు నెలవారీ ఏర్పాటును తెచ్చెను. కూలివాని మేలునకై తెచ్చిన ఆ చట్టమే యుద్ధకాలమున ఇంటిగుమాస్తా చేతి కత్తియయ్యెను. నెల తిరిగినకొలది అద్దె పెంచవచ్చును. చెల్లింపనివానిని త్వరలోనే వెడలగొట్టవచ్చును.

1915 జూనులో షెటిల్స్టన్ నందు ఒక సైనికుని కుటుంబమును అద్దె బాకీకై ఇంటినుండి వెడలగొట్టుటకు ఉత్తరువైనది. బాకీ ఒక పౌనుకు లోపు. భర్త ఫ్రాన్సు రణరంగమున నుండెను. పేట ప్రజలు ఇంటిముందు గుమిగూడి అమీనాలను అడ్డిరి. వీట్లీ వారియెదుట ప్రసంగించెను. వెడలగొట్టుట సాగలేదు. దేశముకొఱకు పోరాడుచున్నవాని భార్యకు ఆ దేశమున నిలువ నీడ లేకుండుటను ఎంతటి రాజభక్తుడును సమర్థింపజాలడు గదా.

గోవన్‌లో ఈ పోరాటమును స్త్రీలు నడపిరి. మేరీ బార్బరు అను ఓడపనివాని భార్య వారికి నాయకురాలు. అమీనా వచ్చుచున్నాడని గంట మ్రోగించిన తోడనే వంటయిండ్లనుండి స్త్రీలు పరుగెత్తివచ్చి, మెట్లమార్గము నిండ నిలిచి, వానిపై పిండి చల్లి పంపుచుండిరి. కిటికీలలో అద్దె పెంపు ఇయ్యబోమను కాగితములు. 1915 నవంబరునాటికి ఇరువదివేలకు తక్కువగాని కుటుంబములు పెంచిన అద్దె చెల్లించుట మానెను. ఆ నెల 17వ తేదీన 18 మందిని న్యాయస్థానమునకు ఈడ్చినప్పుడు ఓడల కర్మాగారములనుండి వేలమంది పనివారు ఊరేగింపుగా వచ్చిరి. అభియోగములు విరమింపబడెను. డిసెంబరులో పార్లమెంటు చట్టముచేసి, చిన్నయిండ్ల అద్దెలను 1914 ఆగస్టు నాటి మట్టమున నిలిపివేసెను. యుద్ధము ముగియువఱకని తెచ్చిన ఆ నిబంధన యుద్ధానంతరమును పోలేదు. అద్దె పెంచుటకు వీలులేనిదే లాభము రాదు. లాభము రానిదే కట్టువాడు లేడు. కనుక చిన్నయిల్లు కట్టువలసినచో ప్రభుత్వమే కట్టవలె, లేదా ధనమీయవలె. బ్రిటనులో సర్కారు గృహముల పుట్టుకకు గోవన్ స్త్రీల పిండిపొట్లములును కొంత కారణమని చెప్పుట అతిశయోక్తి కాదు.

1917లో స్కాట్లండు గృహపరిస్థితులపై రాజనియోగమున ఏర్పడిన సంఘము తన నివేదికను ప్రకటించి, ప్రైవేటు వర్తకమునకు ఈ భారము మోయుశక్తి లేదనియు, ప్రభుత్వము స్థానికసభల ద్వారా పూనుకొనవలెననియు అభిప్రాయపడినది. 1919లో అడిసన్ మంత్రి చట్టము వచ్చెను. ఇండ్లు చక్కనివే గాని వాని ఖర్చుకు మితిలేదు; సున్నము, ఇటుక, కూలి అన్నియు మిన్నంటెను; 1921లో ఖజానా దాని గొంతు నొక్కెను. గ్లాస్గోలోని మాస్‌పార్కు తోటపేట ఆ చట్టపు బిడ్డయే. ఆ యిండ్లకు చేరినవారిలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు మెండు. మురికివాడ కూలి అరుదు.

వీట్లీ 1918 ఎన్నికలలో 74 ఓటులతో ఓడెను. 1922లో షెటిల్స్టన్ ప్రతినిధిగ గెలిచెను. ఆ యేడు గ్లాస్గో పదుగురు లేబరు సభ్యులను లండనుకు పంపినది. స్టేషనునుండి వారిని సాగనంపుటకు వచ్చిన జనసమూహము అపారము. మఱుయేడు జూనులో, స్కాట్లండు శిశుసంరక్షణ ధనమును తగ్గించిరని మండిపడి ఎదుటిపక్షమువారిని నరహంతకులనిన మాక్‌స్టనుతో పాటు వీట్లీయు సభనుండి బహిష్కరింపబడెను. ఆఱునెలలు గడచెనో లేదో, 1924 జనవరిలో, రామ్సే మాక్డొనాల్డు మొదటి లేబరు మంత్రివర్గమున ఆయన ఆరోగ్యశాఖామంత్రి యయ్యెను. గృహనిర్మాణము ఆ శాఖలోనిదే. ఉగ్రవాదిని తెచ్చి కుర్చీలో కూర్చుండబెట్టిరని పత్రికలు భయపడినవి. తీరా చూడగా ఆ మంత్రివర్గమున పనిదెలిసినవారిలో ఆయనయే ముందున్నట్లు తేలినది.

ఆయన మొదట పిలిచినది ఇండ్లు కట్టువారిని. ఇబ్బంది డబ్బొకటే కాదు; తాపీవారును, వడ్రంగులును, పూతపనివారును యుద్ధమునకు ముందున్నంతమంది లేరు. కొత్తవారిని చేర్చుకొనుటకు పనివారి సంఘములు ఒప్పుకొనవు. నాలుగేండ్లు పని జరిగి ఆగిపోయినచో అందఱును వీథిపాలగుదుమని వారి భయము. అది నిరాధారముకాదు, అడిసన్ చట్టము గతి వారు చూచినదే. వీట్లీ వారికిచ్చిన మాట 15 ఏండ్ల పని. మీరు శిష్యులను చేర్చుకొనుడు, మేము ఆ 15 ఏండ్లలో 25 లక్షల యిండ్లకు ధనమిచ్చెదమని ఒప్పందము. యజమానులును కూలివారును ఒకే బల్లచుట్టు కూర్చుండి అంగీకరించిరి.

అంతకు మునుపు 1923లో ఛేంబర్లేను చేసిన చట్టము ఇంటికి ఏడాదికి 6 పౌనుల చొప్పున 20 ఏండ్లు ఇచ్చెడిది. అది ముఖ్యముగ ప్రైవేటు కట్టుబడిదారుల కక్కఱకు వచ్చినది. వీట్లీ 9 పౌనుల చొప్పున 40 ఏండ్లు ఇచ్చెను. వ్యవసాయ గ్రామములలో 12 పౌనుల 10 షిల్లింగులు. స్థానికసభ తన పన్నులనుండి 4 పౌనుల 10 షిల్లింగులవఱకు చేర్చవలెను. ఇంటిని అద్దెకే ఇయ్యవలెను; ఆ అద్దె యుద్ధపూర్వపు మట్టమునకు దాపుగ నుండవలెను. పైని మేము చెప్పిన ఉదాహరణములో 20 పౌనుల వడ్డీలో పదమూడున్నర పౌనులు ఇట్లు తీఱిపోవును. ట్రాముల మిగులు స్థానమున దేశపు ఖజానా వచ్చినది. ఎనిమిది పౌనుల కుటీరపు లెక్కయే లండనుకు పోయినది. చట్టము 1924 ఆగస్టులో అమలైనది.

దీనిని సామ్యవాదమని వీట్లీ పిలువలేదు. ధనస్వామ్యపు కట్టడమునకు తాను మాటువేయుచుంటినని ఆయనయే ఒప్పుకొనెను. కాంట్రాక్టరు లాభము కాంట్రాక్టరుదే, వడ్డీ వడ్డీవానిదే. నడుమనున్న గండిని ప్రజలధనము పూడ్చినది. ఇటుక, సిమెంటు వెలలను పెంచి ఆ ధనమును మింగివేయకుండుటకై మఱియొక బిల్లు తెచ్చెను. కాని అక్టోబరులో మంత్రివర్గము పడిపోగా అదియు పడిపోయినది. నిరుద్యోగియైన బాడుగవానిని వెడలగొట్టుటను ఆపుటకు తెచ్చిన బిల్లు అంతకుముందే సభలో ఓడెను. అల్పసంఖ్యాక ప్రభుత్వము లిబరల్ పక్షమువారి దయమీద బ్రతుకుచుండెను గదా.

ఈ యెడ మా మనసున మెదలు కొఱతలను దాచుట న్యాయము కాదు. ఆరోగ్యకేంద్రములలో తల్లులకు సంతాననిరోధ జ్ఞానము చెప్పుటకు ఆయన అనుమతి నిరాకరించెను. ఒంటిగదిలో పదిమంది బిడ్డల మధ్య పెరిగినవాడు, ఆ తల్లుల కష్టమెఱిగినవాడు, లేబరుపక్ష స్త్రీలే వచ్చి వేడినను వినలేదు. మతాచార్యులు బొమ్మ తగులబెట్టించినను చలింపని మనసు ఇక్కడను చలింపలేదు. ఆ స్థైర్యము ఇక్కడ నిందకే పాత్రము. రెండవది, చట్టముమూలమున వచ్చిన యిండ్ల అద్దె సైతము అట్టడుగువానికి అందలేదు. నెలనెల జీతము వచ్చువాడు, నేర్పరియైన పనివాడు ఆ యిండ్లకు పోయెను. వారమునకు మూడునాళ్లు పని దొరకువాడు పాత మేడలోని గదిలోనే యుండెను. మురికివాడలను తొలగించుటకు పెద్దయెత్తున ప్రత్యేకధనము 1930 నాటి గ్రీన్‌వుడ్డు చట్టమువఱకు రాలేదు.

అయినను వచ్చినవి ఇండ్లు. 1927లో ఛేంబర్లేను ఆ 9 పౌనులను ఇంగ్లండులో 7 పౌనుల 10 షిల్లింగులకు తగ్గించెను; 1933లో జాతీయ ప్రభుత్వము అచ్చట దానిని పూర్తిగా నిలిపెను. అప్పటికి అయిదులక్షల యిండ్లు లేచియుండెను. గ్లాస్గో పడమట నైట్సువుడ్డు పేటలో, 1923, 1924 చట్టముల ధనముతో ఆఱువేలకు పైగా ఇండ్లు వెలసెను. మెట్లమీద పదిమందితో పంచుకొనక తనయింట తనకు స్నానపుగది, వెనుక తోట. 25 లక్షలని చెప్పినదానిలో అయిదవవంతే గదా యని పెదవి విఱుచువారికి, ఆ మంత్రి కుర్చీలో కూర్చున్నది తొమ్మిది నెలలు మాత్రమేయని జ్ఞాపకము చేయుచున్నాము.

1924 తరువాత వీట్లీకి ప్రభుత్వమున చోటు దొరకలేదు. మాక్డొనాల్డు మెత్తనిమార్గమును ఆయన బహిరంగముగ నిరసించెను. 1929లో లేబరుపక్షము మఱల అధికారమునకు వచ్చినప్పుడు ఆయనను పిలువలేదు. ఈ మధ్య 1927లో తానే వేసిన మానహాని వ్యాజ్యమున ఓడిపోయి నొచ్చెను. ఆరోగ్యము సన్నగిల్లెను. 1930 మే 12వ తేదీన, అఱువదియొకటవ జన్మదినమునకు వారముదినములు మిగిలియుండగా, షెటిల్స్టన్‌లోని స్వగృహమున మెదడులో రక్తనాళము చిట్లి మరణించెను. డాల్‌బెత్ శ్మశానవాటికలో, తన మతాచారముప్రకారమే, ఖననము చేసిరి.

ఆ నగరసభ తన యిండ్లను తానే పరిపాలించుట 2003లో మానెను. బాడుగవారి ఓటుతో ఎనుబదివేల గృహములు ఒక ప్రత్యేక గృహసంఘమునకు అప్పగింపబడెను. ఆ సంఘము తరువాత చేరిన పెద్ద సంస్థకు ఏమి పేరు పెట్టుదమని యోచించి, షెటిల్స్టన్ ప్రతినిధి పేరు పెట్టిరి. నేడు గ్లాస్గోలో వీట్లీ యను మాట విన్నవారిలో పెక్కుమందికి అది అద్దె రసీదుపై కనబడు సంస్థపేరు.